పైట సరే, చొక్కా సంగతేమిటి?

జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ కవితని ఒక్కసారైనా క్లాసులో చెప్పని స్త్రీవాద అధ్యాపకురాలు మన మధ్య ఉండరేమో. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చాక, మన శరీరాల గురించి మాట్లాడుకోవడానికి తెలుగులో మనకో భాష దొరికిందని గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకుంటాను. నా పిహెచ్.డి. ఆ కవిత్వం మీదే. అయితే నాకు అర్థం కానిది ఒకటుంది. పైటని కవిత్వంలో తగలేసినవాళ్లకి, అసలు పైటే లేకుండా చొక్కా, ప్యాంటు, క్రాఫుతో ఎదురుగా నిలబడ్డ ఆడమనిషిని చూస్తే ఎందుకంత ఇబ్బంది?

నేను కడప జిల్లాలో పుట్టి, అక్కడే బతుకుతున్నదాన్ని. నాలాంటి వాళ్లని ఇంగ్లీషులో బుచ్ అంటారు. తెలుగులో ఉన్న మాట మగరాయుడు. పదేళ్ల పిల్ల చెట్టెక్కినా, సైకిల్ తొక్కినా ‘మా పాప మగరాయుడు’ అని తండ్రి మురిసిపోతాడు. కొడుకు లేని ఇంట్లో అయితే మరీను. ఆ పిల్ల పెద్దమనిషి అయిన రోజు నుంచి అదే మాట తిట్టయిపోతుంది. ‘ఏందే ఆ నడక, మొగోని మాదిరి?’ మా వీధిలో ఈ మాట వినని రోజు నాకు గుర్తు లేదు.

వీధి సంగతి వీధికి వదిలేద్దాం. మన సంగతి చూద్దాం. ఒక సాహిత్య సభలో, నేనెంతో గౌరవించే రచయిత్రి నన్ను పక్కకి పిలిచి, చాలా ప్రేమగానే, “మగవాళ్లని అనుకరించడం విముక్తి ఎలా అవుతుందమ్మా?” అన్నారు. ఈ మాట ఆవిడ ఒక్కరిదే అయితే నేనీ వ్యాసం రాయను. చొక్కా, క్రాఫు, గట్టిగా నడవడం, కాళ్లు బారజాపుకుని కూచోవడం ఇవన్నీ మగవాళ్ల ఆస్తి అని ఎవరు రిజిస్ట్రీ చేసిచ్చారు? పొలానికి పట్టా ఆడదాని పేర కావాలని పోరాడిన మనమే, వీటికి మాత్రం మగవాళ్ల పేర పట్టా రాసిచ్చేస్తున్నాం.

అయినా చొక్కా ఆడవాళ్లకి కొత్తా? మిరపకోతకి, పత్తి తీయడానికి వెళ్లే ఆడవాళ్లని చూడండి. చీర మీద మొగుడిదో కొడుకుదో ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు. ఎండకి, ఆకు గీరుకోకుండా. వాళ్లు మగవాళ్లని అనుకరిస్తున్నారని ఎవరూ అనరు. ఎందుకంటే ఆ చొక్కా పని కోసం, ఇంటికి రాగానే విప్పేస్తారు. రుద్రమదేవి మగవేషమూ అంతే. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ట్యాంక్ బండ్ మీద విగ్రహం పెట్టుకుని మొక్కుతున్నాం. అది రాజ్యం కోసం, తండ్రి కోసం వేసిన వేషం కాబట్టి మనకి అభ్యంతరం లేదు. పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమిని భారతంలో మగవాళ్లు లేని రాజ్యాన్ని ఏలిన ప్రమీల కథా చివరికి అర్జునుడి దగ్గరే తేలుతుంది. 1965లో వచ్చిన సినిమాకి ‘ప్రమీలార్జునీయం’ అని ఇద్దరి పేర్లూ కలిపే పెట్టారు. మగతనం ఆడదానికి అవసరం కొద్దీ ఉండొచ్చు, కొన్నాళ్లు ఉండొచ్చు. ఇష్టం కొద్దీ ఉండకూడదు. గొడవంతా ఇదే.

ఆడది ఆడదాన్ని ప్రేమించడం గురించి మాట్లాడేటప్పుడు కూడా మన సభల్లో ఇదే వరస. ‘పాపం, మగాళ్ల హింస భరించలేక’ అంటూ మొదలుపెడతారు. నాకు ఏ మగాడూ ద్రోహం చెయ్యలేదు. మా నాన్న మంచివాడు. నాకు ఆడవాళ్లంటే ఇష్టం, చొక్కా అంటే ఇష్టం. దీనికి గాయం ఒకటి వెతికితే తప్ప మీకు సానుభూతి పుట్టకపోతే ఆ సానుభూతి నాకొద్దు.

ఈ ఇష్టానికి రోజూ కట్టే సుంకం మాత్రం చిన్నది కాదు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి బస్సు ఉచితం. కండక్టరు ఆధార్ అడుగుతాడు, అందర్నీ అడిగినట్టే. నా కార్డు చూశాక నా ముఖం కూడా చూస్తాడు. వెనక సీట్లోంచి నవ్వులు. డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుంటే తప్పించుకోవచ్చు, కానీ ఎందుకు కొనాలి? నేను ఆడదాన్నే. ఒక కాలేజీ ఇంటర్వ్యూలో నా థీసిస్ గురించి రెండు ప్రశ్నలు, బట్టల గురించి నాలుగు. అడిగిన నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లు. వీళ్లందరికన్నా మా ఊరి టైలరే నయం. కొలతలు భార్యతో తీయించి, “గుండీలు ఏ పక్కన పెట్టాల మేడం?” అని మాత్రం అడిగాడు.

ఈమధ్య కొత్తగా ఇంకో సలహా వస్తోంది: “అయితే నువ్వు ట్రాన్స్ అని చెప్పుకోవచ్చు కదా!” ట్రాన్స్ పురుషుల పోరాటం వాళ్లది, నేను వాళ్ల పక్కన నిలబడతాను. కానీ నన్ను ఆడవాళ్ల లెక్కలోంచి తీసేసి మీ లెక్క సరిచేసుకుంటామంటే ఒప్పుకోను.

కోర్టులు తమకి తోచినంత చేశాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మా ప్రేమలు నేరం కాదంది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వనంది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరు యువతులు ఇష్టప్రకారం కలిసి ఉండొచ్చని చెప్పింది. న్యాయమూర్తులు అన్నంత మాటైనా మన సంపాదకీయాల్లో నాకు కనబడలేదు. అడిగితే, ముందు వరకట్నం, పరువు హత్యలు, ఆ తర్వాత ఇవి అంటారు. పరువు పేరుతో కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసే ఇల్లు ఒక్కటే. ఆ పిల్ల వేరే కులం అబ్బాయిని ప్రేమిస్తే ఒక సమస్య, క్రాఫు కొట్టించుకుని స్నేహితురాలిని ప్రేమిస్తే వేరే సమస్యా?

పోయినేడాది మా ఊళ్లో డిగ్రీ చదివే ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, చదవడానికి తెలుగులో ఏమైనా ఇమ్మంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ఇంట్లోవాళ్ల భయానికి పైన చున్నీ కప్పుకుంది. మన పుస్తకాలే నాలుగు ఇచ్చాను. పదిహేను రోజులకి తిరిగిచ్చేస్తూ, “బాగుండాయి మేడం, కానీ మన మాదిరోళ్లు ఇందులో యాడుండారు?” అంది. వచ్చే ఏడాది మీరు ప్రత్యేక సంచిక వేస్తారు కదా. ఆ పిల్లకి ఏమివ్వమంటారో చెప్పండి.