ముడత పైకా, కిందికా?

మొన్న రాత్రి పదకొండున్నరకి వాట్సాప్ మోగింది. మా ఊరి అమ్మాయి. "అక్కా, పీహెచ్‌డీకి సినాప్సిస్ రాశా. శుక్రవారం లోపు పంపాలి. ఒక్కసారి చూడవా?" కింద 11 పేజీల పీడీఎఫ్. పైన టైటిల్: "గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప రైతుల సమస్యలు, పరిష్కారాలు: ఒక సమగ్ర పరిశీలన".

చదువుతుంటే గొంతు పట్టేసింది. ఆ పేజీల నిండా వాళ్ల నాన్నే ఉన్నాడు. పేరు రాయలేదు గానీ నాకు తెలుసు కదా. 2021లో మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తే, పూతలో నల్ల తామర పురుగు దిగింది. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. చివరికి పచ్చటి చేలో ట్రాక్టర్ పెట్టి దున్నించేశాడు. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అలా దున్నిన చేలు చాలానే.

బాధ నిజం. కానీ సినాప్సిస్‌గా అది నిలబడదు. ఎలా తెలుసంటారా? నేనూ సరిగ్గా అలాంటిదే రాసి దెబ్బ తిన్నా. నాది పత్తి రైతు. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన కాగితాలు పక్కన పెట్టి అడిగారు: "ఏ రైతమ్మా? ఏ ఏడాది? మూడేళ్ల తర్వాత వచ్చేటప్పుడు చేతిలో ఏం తెస్తావు?" నాకు మాట రాలేదు. సీటు పోయింది, దాంతో పాటు ఒక ఏడాదీ పోయింది.

ఆ ప్రశ్నకి జవాబు యూనివర్సిటీలో దొరకలేదు, చేలో దొరికింది. మిరపాకు ముడుచుకుంటే మనం "ముడత తెగులు" అనేస్తాం. అనుభవం ఉన్న రైతు మాత్రం ముందు ఒకటే అడుగుతాడు, ముడత పైకా, కిందికా అని. ఆకు అంచులు పైకి లేస్తే తామర పురుగు. కిందికి వంగితే నల్లి. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు. అది తేల్చుకోకుండా డబ్బా కొంటే డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

"రైతు సమస్యలు" అనే మాట కూడా "ముడత" లాంటిదే. పైకా, కిందికా అనేది తేల్చి చెప్పడమే ప్రపోజల్ పని.

అందుకే ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగా. "ఇందులో నీకు అన్నిటికన్నా కోపం దేని మీద?"

కాసేపు ఆగి చెప్పింది. "నాన్న అప్పు తెచ్చింది పురుగుమందుల కొట్లోనే అక్కా. ఆయన ఏ డబ్బా ఇస్తే అదే కొట్టాల్సి వచ్చింది. వేరే కొట్టుకి వెళ్లే దారి లేదు."

"ఇదిగో, ఇదీ నీ ప్రశ్న."

అరగంట కుస్తీ పడితే ఇలా తేలింది: మందుల కొట్లో అప్పు చేసిన కౌలు రైతుకీ, వేరే చోట అప్పు తెచ్చుకున్న కౌలు రైతుకీ, నల్ల తామర పురుగుకి మందు ఎంచుకోవడంలో, మందు కొట్టిన సార్లలో తేడా ఉందా? చూశారా, ఎవరిని, దేని గురించి, దేనితో పోల్చి అడుగుతున్నామో అన్నీ ఒక్క వాక్యంలో ఉన్నాయి.

"మరి తేడా లేదని తేలితే?" అన్నా. అటు నుంచి మాట లేదు. "తేలితే అదే రాస్తావు. ముందే జవాబు రాసిపెట్టుకుంటే అది ప్రపోజల్ కాదు, ఫిర్యాదు. ఫిర్యాదు తప్పని కాదు, దానికి వేరే ఆఫీసుంది." కష్టమైన మాటే. వాళ్ల నాన్న విషయం కాబట్టి ఇంకా కష్టం. కానీ గైడ్ ముందుగా వెతికేది ఇదే, నీ అభిప్రాయం తప్పని తేలే అవకాశం నీ ప్లాన్‌లో ఉందా అని.

తర్వాత, ఇంతకుముందు ఎవరేం చేశారన్న భాగం. తన డ్రాఫ్ట్‌లో ఈ పురుగు "2021లో ఊడిపడింది" అని రాసింది. ఊడిపడలేదు. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద కనిపించినట్టు పరిశోధకులు రాశారు. మనకి పాత తామర పురుగు ఎక్కువగా లేతాకుల మీద ఉంటుంది, ఇది పూలలో చేరుతుంది. ఈ రెండు సంగతులు తెలియకుండా రాస్తే మొదటి పేజీలోనే దొరికిపోతాం.

ఇదంతా వెతకడానికి ఫోన్ చాలు. దేశంలో ఆమోదం పొందిన థీసిస్‌లు "శోధ్‌గంగ"లో ఉచితంగా ఉంటాయి. వ్యవసాయం వాళ్లకి "కృషికోశ్" ఉంది. "శోధ్‌గంగోత్రి"లో అయితే పీహెచ్‌డీకి ఇచ్చిన సినాప్సిస్‌లే దొరుకుతాయి. మీ సబ్జెక్టులో ఓ ఐదు చదవండి. కాపీ కొట్టడానికి కాదు, వాళ్లు ఎక్కడ ఆగారో చూడ్డానికి. వాళ్లు ఆగిన చోటే మీ పని మొదలవుతుంది. చాట్‌బాట్‌తో రాయిస్తే మాత్రం, అది చెప్పిన ప్రతి పేపర్నీ తెరిచి చూసుకోండి. లేని పేపర్లకి కూడా అది చక్కగా పేర్లు పెట్టేస్తుంది.

మూడోది, ఎవర్ని అడుగుతావు? తను "వ్యవసాయ శాఖ లిస్టు నుంచి 200 మంది రైతులు" అని రాసింది. వినడానికి బాగుంది. కానీ పట్టాదారు పేరుతో ఉన్న లిస్టు పట్టుకుని వెళ్తే, గుంటూరులో అపార్ట్‌మెంట్‌లో ఉండే భూమి యజమాని దొరుకుతాడు. మందు కొట్టినోడు దొరకడు. పోనీ కౌలు కార్డుల లిస్టా? 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోట కౌలుదారు లిస్టులోనే ఉండడు. అంటే వాళ్ల నాన్నలాంటి వాళ్లు జారిపోతారు! అందుకే నాలుగు ఊళ్లు ఎంచుకుని, ఇంటింటికీ తిరిగి ఎవరి చేను ఎవరు చేస్తున్నారో తనే లిస్టు రాసుకోవాలని మార్చాం. ఎకరాలు దాదాపు సమానంగా ఉన్నవాళ్లనే పోల్చాలని కూడా రాశాం. లేకపోతే తేడా అప్పు వల్లా, ఎకరాల వల్లా అన్నది తేలదు.

ఇంకో మాట. అప్పు గురించి కొట్టు ముందు నిలబెట్టి అడగకూడదు. రైతు నిజం చెప్పడు. చెప్తే మళ్లీ ఏడు ఆ కొట్లో అప్పు పుట్టకపోవచ్చు. పేర్లు బయటికి రావని, ఇష్టం లేకపోతే మానేయొచ్చని ముందే చెప్పాలి. దీన్ని ప్రపోజల్‌లో చివర ఒక వాక్యంలో తోసేస్తారు చాలామంది. మన పల్లెల్లో అసలు సంగతి ఇదే.

చివరిది టైమ్ టేబుల్. "జనవరి, ఫిబ్రవరి: ఫీల్డ్ వర్క్" అని రాసింది. నాకూ తప్పనిపించలేదు. పక్కన మంచం మీద వింటున్న వాళ్ల నాన్న పట్టేశాడు. ఫోన్ స్పీకర్‌లో ఉందని అప్పుడే తెలిసింది నాకు.

"జనవరిలో వస్తే నీతో ఎవరు మాట్లాడతారే? కోతలు, కల్లాలు, కూలోళ్ల కోసం తెల్లారగట్ల నుంచీ పరుగులు. మందు సంగతి రాసుకోవాలంటే కొట్టేటప్పుడే రా, దసరా దాటినాక. అప్పు సంగతి అడగాలంటే కాయ యార్డులో అమ్మినాక రా. పద్దు తేల్చుకునేది అప్పుడే."

ఒక్క మాటతో రెండు సమస్యలు తీరాయి. మందు లెక్క జ్ఞాపకం మీద ఆధారపడకుండా, అక్టోబర్ నుంచి డైరీలో ఎప్పటికప్పుడు రాయించడం. అప్పు లెక్క మే, జూన్‌లో బిల్లులు ముందు పెట్టుకుని అడగడం. నేను ఇన్నేళ్లు చదివీ చూడలేకపోయాను. మీరు కూడా సినాప్సిస్ పంపే ముందు, అందులో ఉన్న పని నిజంగా చేసే మనిషికి ఒకసారి చదివి వినిపించండి.

శుక్రవారం మధ్యాహ్నం పంపేసింది. పదకొండు పేజీలు నాలుగయ్యాయి. ఇంకా ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు.

"మరి నాన్న గురించి రాసిందంతా తీసేశాం కదా అక్కా?" అని అడిగింది. డిలీట్ చెయ్యొద్దన్నాను. వేరే ఫోల్డర్‌లో పెట్టుకోమన్నాను. మే నెల ఎండలో నాలుగో ఊళ్లో యాభయ్యో ఇంటి తలుపు కొట్టే రోజు అవి పనికొస్తాయి.