చంద్రవంక పెట్టుకొనిన ఆడపిల్ల



బెంగళూరులో చదువుకొనుచున్న మన కుందుర్పి ప్రాంతపు ఆడపిల్లలు సెలవులకు వచ్చినప్పుడు కొందరి చెవులకు నెలవంకలు, నల్లని బట్టల మీద లేత గులాబి, లేత ఊదా రంగుల చుక్కలు కనబడుచున్నవి. "ఇది మంత్రగత్తెల వేషము కాదా, అయ్యగారూ?" అని తల్లులు మమ్మును అడుగుచున్నారు. ఈ మాట మీద కొన్ని ఇండ్లలో తల్లీ కూతుళ్ళకు మాటలే లేకపోయినవి.

ముందు సంగతి తెలిసికొందము. 1980 ప్రాంతమున ఇంగ్లాండులో ఒక రకపు సంగీతమును ప్రేమించిన యువకులు నల్లబట్టలు ధరించిరి. దానికి 'గోత్' అని పేరు వచ్చెను. 2010 ప్రాంతమున ఇంటర్నెట్ ద్వారా జపాను పిల్లల ముద్దు రంగులు దానితో కలిసి 'పాస్టెల్ గోత్' అయినది. అందులో మంత్రవిద్య గుర్తులు వేసికొనువారున్నారు. అందము కొరకే వేసికొనువారును ఉన్నారు.

చంద్రవంక మనకు కొత్తదా? మన పెద్దల కాలమున పెండ్లికూతురి పాపిటకు ఇరువైపుల సూర్యవంక, చంద్రవంక పెట్టలేదా? చేరుచుక్క, చంద్రహారము అను మాటలు ఎక్కడివి? మనమును ఆరుద్ర, పునర్వసు అని నక్షత్రముల పేర్ల కార్తెలతోనే వేరుశనగ విత్తుటకు అదును చూచుచున్నాము. లెక్కించుట వేరు, మ్రొక్కుట వేరు. ఆదికాండము 1:14 మొదటిదానిని చెప్పుచున్నది. ద్వితీయోపదేశకాండము 4:19 రెండవదానిని నిషేధించుచున్నది.

యెషయా 3వ అధ్యాయములో చంద్రవంక నగల ప్రస్తావన ఉన్నది. ఆ వచనము చూపి పిల్లలను గద్దించువారు 14, 15 వచనములను కూడ చదువవలెను. అక్కడ దేవుడు మొదట తప్పుపట్టినది బీదలను దోచుకొనిన పెద్దలను. స్త్రీల గర్వమును గూర్చిన మాట ఆ తరువాతనే వచ్చినది.

కాబట్టి తల్లులారా, ఆ కమ్మలను లాగి పారవేయకుడి. ప్రక్కన కూర్చుండి, "ఇది ఎందుకమ్మా?" అని మెల్లగా అడుగుడి. అదృష్టము కొరకు, రాశిఫలము కొరకు అనినయెడల, చంద్రుని చేసిన దేవుని గూర్చి చెప్పుడి. అప్పుచేసి కొనినదైతే, వానలేని ఏట ఇంటి పరిస్థితి వివరించుడి. బాగున్నదని పెట్టుకొంటినని చెప్పినయెడల, నవ్వి ఊరకుండుడి. ఫ్యాషను ఏటికేడు మారును. నొచ్చుకొని గడప దాటిన బిడ్డను తిరిగి పిలుచుకొనుట మాత్రము కష్టము.