నర్సమ్మకి తెలుసు, మరి కుళాయిలో నీళ్లేవి?

ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ సోకి ఎవరైనా పోతే మన గ్రూపుల్లో ఒకటే మాట: "నర్సులకి ఏమీ తెలీదు, సస్పెండ్ చెయ్యాలి." ఈ మాట మనం మానెయ్యాలి ఫ్రెండ్స్.

నూజివీడు చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివే మన అక్కచెల్లెళ్లని అడగండి. పేషెంటుని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, డ్రెస్సింగ్‌కి ముందు, రక్తం తగిలాక, మంచం పట్టుకున్నాక చేతులు కడగాలని గడగడా చెప్తారు. మామిడి తోటలో కూలికెళ్లే మన అమ్మానాన్నలకి కుళ్లిన కాయని గంపలో ఉంచకూడదని ఎవరూ నేర్పక్కర్లేదు. ఇదీ అంతే.

లెక్క చూద్దాం. సబ్బుతో కడగాలంటే 40 నుంచి 60 సెకన్లు. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు 30 మందిని నాలుగేసి సార్లు చూస్తే 120 సార్లు కడగాలి. దానికే 80 నిమిషాల నుంచి రెండు గంటలు. అదీ కుళాయిలో నీళ్లుంటే!

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో (మన విజయవాడ పక్కది కాదు, రంగారెడ్డి జిల్లాది) ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. లాప్రోస్కోపుని ఒక్కో ఆపరేషన్ తర్వాత మందు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టాలి. ఒక్క పరికరమే ఉంటే 34 మందికి నానబెట్టడానికే 11 గంటలు దాటుతుంది. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. మరి ఒక్కరోజులో అంతమందిని పెట్టింది నర్సమ్మా?

గ్లవ్స్ మార్చకుండా నలుగురిని ముట్టుకుంటే తప్పు తప్పే. దాన్ని మేం వెనకేసుకురావట్లేదు. "తండావాళ్లే మురికి తెస్తారు" అని కసిరితే అస్సలు ఊరుకోం. కానీ చిన్న ఉద్యోగిని బలిచ్చి ఫైలు మూసేస్తే, రేపు అదే మంచం మీద పడుకునేది మనవాళ్లే. ఏ.కొండూరు తండాల్లో కిడ్నీలు పోయి డయాలసిస్ మీద బతుకుతున్న వాళ్లని తలుచుకోండి. గొట్టం తెరిచిన ప్రతిసారీ క్రిమి లోపలికి పోయే ప్రమాదమే.

అందుకే ఈసారి ఆసుపత్రికి వెళ్తే నర్సుతో గొడవ పడకుండా సూపరింటెండెంట్‌ని అడుగుదాం. వార్డులో నీళ్లు, సబ్బు ఉన్నాయా? ఈ రాత్రికి ఎంతమంది నర్సులు? ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఆఖరుసారి ఎప్పుడు కూర్చుంది? జవాబు చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. రాయడానికి మనకి చదువొచ్చింది కదా!