నడుము ఆమెకూ ఉంది!

మా గోదావరిఖనిలో 'నడుం పట్టేసింది' అన్న మాట వినబడని కాలనీ లేదు. భూగర్భ గనిలో వంగి పనిచేసేవారికీ, ఓపెన్‌కాస్టులో డంపర్ కుదుపులు భరించేవారికీ ఆ నొప్పి ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. ఆయనకు సిక్ లీవుంది, సింగరేణి ఆస్పత్రి ఉంది, మరీ చేతకాకపోతే మెడికల్ బోర్డుంది. ఆ ఆస్పత్రిలో ఆయన భార్యకూ వైద్యం చేస్తారు. కానీ ఆమె వెళ్తుందా? వెళ్లినా, బరువులెత్తొద్దని డాక్టరు చెబితే ఇంటి పనికి సెలవు చీటీ రాసేదెవరు?

మన వెన్నులో 33 ఎముకలుంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5. వాటి కింది తొమ్మిదీ అతుక్కుని ఉంటాయి. విడివిడి ఎముకల మధ్య మెత్తని దిండ్లలాంటివే డిస్కులు. నడుం వంచి నిండు బిందె ఎత్తితే భారం ఎక్కువగా నడుములోని చివరి రెండు డిస్కుల మీద పడుతుంది. లోపలి గుజ్జు పొడుచుకొచ్చి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి కాలిదాకా పాకుతుంది. అదే సయాటికా. గంటల తరబడి తలవంచి మిషన్ కుట్టినా, కత్తిపీట ముందు కూర్చున్నా మెడ కండరాలకూ శిక్షే.

బొగ్గు తట్ట ఎత్తినా, బొగ్గుమసి బట్టలు నానబెట్టిన బకెట్ ఎత్తినా డిస్కుకు తేడా తెలీదు. తేడా చూపేది మనమే!

ఆడవాళ్లు భూగర్భ గనుల్లో పనిచేయరాదన్న 1952 నాటి గనుల చట్టం ఆంక్షను కేంద్రం 2019లో సడలించింది. సంతోషమే. కానీ డ్యూటీ దిగి వచ్చాక ఇంట్లో రెండో షిఫ్టు కూడా ఆమెదే అయితే ఆ నడుము ఎన్నాళ్లు నిలుస్తుంది?

నొప్పి వచ్చిందని వారాల తరబడి మంచమెక్కనక్కర్లేదు. మెల్లగా నడుస్తూ, తేలిక పనులు చేసుకుంటూ ఉంటే చాలా నొప్పులు కొన్ని వారాల్లో తగ్గుతాయి. బరువులు మాత్రం ఇంకొకరు ఎత్తాలి. ఆ ఇంకొకరు కూతురే కానక్కర్లేదమ్మా, కొడుకు కూడా కావచ్చు! కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. నరాలు లాగేవాళ్ల దగ్గరికి కాదు.

'ఆడదాని నడుం నొప్పి మామూలే' అని మనమే అనేసుకుంటే ఇక ఎవరు పట్టించుకుంటారు? ఈసారి ఆయన ఆస్పత్రికి బయల్దేరినప్పుడు మీరూ వెంట వెళ్లండి. ఆయనకు తోడుగా కాదు, మీ పేరున చీటీ రాయించుకోవడానికి!