కొనే ధర, మేపే ధర

రాయలసీమలో కారు కొనాలనుకునేవాళ్లలో కొంతకాలంగా ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. పదిహేను లక్షలు చేతిలో పెట్టుకుని కొత్త హ్యుందాయ్ వెర్నానో, హోండా సిటీనో, స్కోడా స్లావియానో కొనడం తెలివితక్కువ పని అనీ, అదే డబ్బుకు ఏడెనిమిదేళ్లు తిరిగిన బెంజి గానీ, బీఎండబ్ల్యూ గానీ, ఆడి గానీ వస్తుందనీ ఆ అభిప్రాయం. బనగానపల్లెలో నాపరాళ్ల వ్యాపారం చేసేవాళ్ల దగ్గర నుంచి మామిడి తోటల రైతుల దాకా ఈ మాట నడుస్తోంది. విలువ తరిగిపోయిన కారును తక్కువకు దక్కించుకోవడం, గట్టి బండిలో భద్రంగా తిరగడం, మెత్తని ప్రయాణం, నలుగురిలో మర్యాద అనే నాలుగు లాభాలను దీనికి సమర్థనగా చెబుతారు. నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ అభిప్రాయం మొత్తంగా తప్పు. అది కారును కొనే రోజు వరకే లెక్క వేస్తుంది. కారు ఖర్చు మొదలయ్యేది ఆ మర్నాటి నుంచి.

పాత లగ్జరీ కారు అంత చవగ్గా ఎందుకు వస్తుందో ముందుగా తెలుసుకోవాలి. ఖరీదైన కారు విలువ మొదటి కొన్నేళ్లలోనే గబగబా పడిపోతుంది. మన దేశంలో బీమా కోసం కారు విలువ కట్టే పట్టిక ప్రకారమే నాలుగేళ్లు దాటి ఐదో ఏట ఉన్న కారుకు 50 శాతం తరుగుదల తీసేస్తారు. ఐదేళ్లు దాటాక కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ నిర్ణయించుకోవాలి. దీనికి ఢిల్లీ కారణం ఒకటి తోడైంది. దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. అప్పటి నుంచి అక్కడి పెద్ద డీజిల్ కార్లు ఎన్‌ఓసీ పుచ్చుకుని దక్షిణాదికి తరలివచ్చాయి. అంటే తక్కువ ధర వెనుక ఉన్నది అమ్మేవాడి ఉదారత కాదు. ఆ కారు వల్ల రాబోయే ఖర్చును సంత ముందే పసిగట్టి ధరలోంచి తీసేసింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. కారు ధర తగ్గుతుంది, కారు అవసరాలు తగ్గవు. కొత్తగా ఉన్నప్పుడు అరవై లక్షలు పలికిన కారు పదిహేను లక్షలకు చేతులు మారిందనుకుందాం. దాని బ్రేక్ డిస్కులు, షాక్ అబ్సార్బర్లు, హెడ్‌లైట్లు పదిహేను లక్షల కారు భాగాల ధరకు రావు. అవి ఎప్పటికీ అరవై లక్షల కారు భాగాలే. ఏనుగును సగం ధరకు కొన్నా దాని మేత సగం కాదు. పైగా ఏడో ఏడు నుంచి పదో ఏడు దాకా కారులో రబ్బరు బుష్‌లు, సస్పెన్షన్, నీళ్ల పంపు, సెన్సర్లు, గేర్‌బాక్స్ ఆయిల్, బ్యాటరీ అన్నీ వరసగా మార్పుకు వస్తాయి. మొదటి యజమాని మంచి సంవత్సరాలను వారంటీ నీడలో వాడుకున్నాడు. రెండో యజమాని చేతికి వచ్చేవి మరమ్మతుల సంవత్సరాలు.

ఒక్క చిన్న భాగాన్ని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఆధునిక కార్లలో ఇంజన్‌ను చల్లబరిచే నీటి గొట్టాల కొసలకు ప్లాస్టిక్ జాయింట్లు ఉంటాయి. వేడికీ చల్లదనానికీ ఏళ్ల తరబడి గురైన ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పాణ్యం నుంచి బనగానపల్లె వైపు వస్తున్న కారులో ఆ జాయింటు చిట్లితే కొద్ది నిమిషాల్లో నీరు కారిపోతుంది, సూది ఎర్రగీత దాటుతుంది. అప్పటికీ ఆపకుండా నడిపితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోతుంది. ఎక్కువ అమ్ముడయ్యే మామూలు సెడాన్‌కు ఇదే జరిగితే ఊరి మెకానిక్ నంద్యాలకు ఫోన్ చేసి సామాను తెప్పించుకుంటాడు, సాయంత్రానికి బండి లేస్తుంది. లగ్జరీ కారుకైతే ముందు చాసిస్ నంబరు పెట్టి సరైన భాగం ఏదో తేల్చాలి, తర్వాత తెప్పించాలి, కొన్నిసార్లు కొత్త భాగాన్ని కంపెనీ స్కానర్‌తో కారు కంప్యూటర్‌కు పరిచయం చేయాలి. భాగం చిన్నదే, కానీ బండి షెడ్డులో వారం పది రోజులు నిలుస్తుంది.

భాగం దొరికినా అది బిగించి ఉన్న చోటు మరో ఖర్చు. బీఎండబ్ల్యూ డీజిల్ సెడాన్లలో వాడిన ఎన్47 ఇంజన్‌లో టైమింగ్ చైన్ ముందువైపు కాకుండా వెనుక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. తర్వాత వచ్చిన బీ47లోనూ అంతే. చైన్ అరిగి శబ్దం చేస్తే దాన్ని అందుకోవడానికే ఇంజన్‌నో గేర్‌బాక్స్‌నో కిందికి దించాలి. చైన్ ఖరీదు కంటే దాన్ని చేరుకునే కూలి ఎక్కువ పడుతుంది. ఈ కార్లు తయారైంది మొదటి యజమాని సుఖం కోసం, వేగం కోసం. రెండో యజమాని మెకానిక్‌కు సులువుగా ఉండాలన్నది వాటి రూపకల్పనలో ముఖ్యమైన లెక్క కాదు.

బనగానపల్లె ఉన్న చోటు ఈ ఖర్చును ఇంకా పెంచుతుంది. నంద్యాల సుమారు నలభై కిలోమీటర్లు, కర్నూలు సుమారు డెబ్బై ఐదు. మారుతి, హ్యుందాయ్ వంటి కంపెనీల సర్వీసు ఈ దూరంలోనే దొరుకుతుంది. జర్మన్ లగ్జరీ కంపెనీల సర్వీసు మాత్రం పెద్ద నగరాలదే. హైదరాబాద్ వెళ్లాలన్నా బెంగళూరు వెళ్లాలన్నా దాదాపు మూడు వందల కిలోమీటర్లు. బండి కదలకపోతే రికవరీ వ్యాన్ ఎక్కించి పంపాలి, తెచ్చుకోవడానికి మరోసారి మనిషి పోవాలి. నగరంలో సగం పూటలో తేలే పని ఇక్కడ మూడు రోజుల ప్రయాణం అవుతుంది.

నేల కూడా ఆ కార్లకు అనుకూలమైనది కాదు. బేతంచెర్ల, బనగానపల్లె చుట్టూ నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. బండల లారీల వెనుక లేచే తెల్లని దుమ్ము ఎయిర్ ఫిల్టర్లను తొందరగా నింపేస్తుంది. రాళ్లు రాలిన దారులు, ఊరూరా ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు కట్టిన స్పీడ్ బ్రేకర్లు నేలకు దగ్గరగా ఉండే కారు అడుగును గీస్తాయి. లగ్జరీ సెడాన్లకు వేసే పలుచటి అంచు టైర్లు గుంటలో పడితే టైరుతో పాటు అల్లాయ్ చక్రమూ దెబ్బతింటుంది. రన్‌ఫ్లాట్ టైర్లతో, స్టెప్నీ లేకుండా వచ్చిన మోడళ్లు కూడా ఉన్నాయి. యాగంటి దారిలో రాత్రిపూట అలాంటి టైరు చీలితే ఏ పంక్చర్ షాపూ ఆదుకోలేదు.

ప్రమాదం జరిగితే బీమా ఉంది కదా అంటారు. మామూలు సమగ్ర బీమాలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. ఐదేళ్లు దాటిన కారుకు లోహపు భాగాల మీద 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం కోత. ఈ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ పాలసీ కొత్త కార్లకు సులువుగా దొరుకుతుంది. ఐదేళ్లు దాటిన వాటికి చాలా కంపెనీలు ఇవ్వవు. రాత్రి కోవెలకుంట్ల రోడ్డులో బర్రె అడ్డొచ్చి బంపరు, రెండు హెడ్‌లైట్లు పోయాయనుకుంటే, కొత్త కారు యజమాని స్వల్ప మొత్తంతో బయటపడతాడు. పాత లగ్జరీ కారు యజమాని బిల్లులో పెద్ద వాటా సొంతంగా భరించాలి, ఆ బిల్లు కూడా ఖరీదైన కారు బిల్లు.

కాగితాల బరువు వేరు. వేరే రాష్ట్రం కారును 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ గుర్తు తీసుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో జీవిత పన్ను కట్టాలి, పాత రాష్ట్రంలో కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవాలంటే అక్కడి ఆఫీసు చుట్టూ తిరగాలి. అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, ఎన్‌ఓసీ, 29, 30 నంబరు ఫారాల్లో ఒక్కటి తేడా వచ్చినా ఆర్‌సీ చేతికి రాదు. ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లకే ఇస్తారు. పదేళ్ల కారు కొన్నవాడికి మిగిలేది ఐదేళ్లే.

కొనేవాడికి కనిపించని గతం మరో ప్రమాదం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. నీట మునిగిన కారును కడిగి, సీట్లు మార్చి, మెరుగు పెట్టి అమ్మడం సంతలో కొత్త సంగతి కాదు. సీటు కింది బోల్టులకు తుప్పు, తివాచీ అడుగున ఎండిన ఒండ్రు, సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే మట్టి చార దాన్ని పట్టిస్తాయి. మీటరు వెనక్కి తిప్పిన కారును పట్టుకోవడం అంతకంటే కష్టం. ఎలక్ట్రానిక్స్ ఎక్కువగా ఉన్న కారుకు నీరు తగిలితే దాని లోపాలు నెలల తర్వాత, ఒక్కొక్కటిగా బయటపడతాయి.

భద్రత వాదన ఒకప్పుడు తిరుగులేనిది. ఇప్పుడు కాదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 2023లో స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్, హ్యుందాయ్ వెర్నా ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. 2024 నవంబరులో కొత్త మారుతి డిజైర్ పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు సాధించింది. భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. లగ్జరీ కారు ఒళ్లు గట్టిదే, అది ఒప్పుకోవాల్సిందే. అయితే దాని భద్రత కంపెనీ గేటు దాటిన రోజున ఉన్న భద్రత. గట్టిపడిన టైర్లు, అరిగిన బ్రేకులు, గుద్దుకుని తిన్నగా చేసిన చాసిస్ ఉన్న కారు పేరుకు జర్మన్ అయినా ప్రాణానికి భరోసా ఇవ్వదు.

ప్రయాణ సుఖంలో పాత లగ్జరీ కారే మిన్న. జాతీయ రహదారి మీద దాని నిశ్శబ్దం, నిలకడ కొత్త మామూలు సెడాన్‌కు రావు. కానీ బనగానపల్లె కారు సగటు రోజు నంద్యాల ఆసుపత్రికీ, డోన్ స్టేషన్‌కూ, తోటకూ, బంధువుల ఊళ్లకూ సాగుతుంది. ఈ పనికి కావలసింది పిలిచిన వేళకు కదిలే బండి. అర్ధరాత్రి ముసలి తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చినప్పుడు కారు డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలిగి కదలనంటే, దాని మెత్తని సీటు ఎవరికీ పనికిరాదు.

మర్యాద మాట ఇంకా జాగ్రత్తగా చూడాలి. పెళ్లికి బెంజిలో దిగితే నలుగురూ చూస్తారన్నది నిజం. అదే బెంజి షెడ్డులో దుమ్ముపట్టి నెలల తరబడి నిలిస్తే కూడా అదే నలుగురు చూస్తారు. ఇక్కడి సంపాదన నెల జీతం లాంటిది కాదు. బేనిషాన్ మామిడి ఏడాదికి ఒక్క కాపు, వాన వెనకబడితే అదీ లేదు. బండల వ్యాపారంలో బాకీలు వసూలయ్యేదాకా చేతిలో డబ్బు ఆడదు. ఇలాంటి ఆదాయానికి ముందే తెలిసిన చిన్న ఖర్చు సరిపడుతుంది, ఎప్పుడు మీద పడుతుందో తెలియని పెద్ద ఖర్చు సరిపడదు. ఒక్క గేర్‌బాక్స్ మరమ్మతుకు పోయే డబ్బుతో తోటలో డ్రిప్పు పైపులు మార్చుకోవచ్చు. కరువు సీమలో అప్పు లేని మనిషికి దక్కే మర్యాద ఏ కారు చిహ్నమూ తేలేదు.

కాలం కూడా కొత్త కారు పక్షానే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్‌టీ మార్పుతో నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్ల పన్ను 18 శాతానికి దిగింది. డిజైర్ ఈ వర్గంలోనే ఉంది. వెర్నా, సిటీ వంటి వాటిపై సెస్సుతో కలిపి 45 శాతంగా ఉన్న పన్ను 40 శాతం అయింది. సాధారణంగా మూడేళ్ల వారంటీ, తక్కువ వడ్డీకి, ఎక్కువ కాలానికి అప్పు కొత్త కారుకే దొరుకుతాయి.

పాత లగ్జరీ కారు ఎవరికీ వద్దని కాదు. పెద్ద నగరంలో నివాసం, ఇంట్లో మరో కారు, కంపెనీ పరీక్షించి వారంటీతో అమ్మిన మూడు నాలుగేళ్ల బండి, పక్కన పెట్టిన మరమ్మతు నిధి ఉన్నవాళ్లకు అది సరదా తీర్చే మంచి కొనుగోలే. తరుగుదల లాభమే కావాలంటే దానికీ మేలైన దారి ఉంది. మూడు నాలుగేళ్లు తిరిగిన మామూలు సెడాన్ కొంటే మొదటి యజమాని భరించిన తరుగుదల లాభమూ దక్కుతుంది, నంద్యాల మెకానిక్ చేతి పనీ సరిపోతుంది.

బనగానపల్లెలో ఒక్క కారుతో ఇల్లు నడిపే కుటుంబానికి మాత్రం తీర్పు ఒక్కటే. కొత్త మామూలు సెడాన్ కొనాలి, లేదా అలాంటిదే పాతది కొనాలి. బెంజి గుర్తు కోసం పదిహేను లక్షలు పెట్టేవాడు ముందు ఆ కారు కొత్తలో ఎంత పలికిందో అడగాలి. దాన్ని మేపే ఖర్చును నిర్ణయించేది ఆ మొదటి ధరే.