టీకా తూకంలో వయసు, ఊరు, కాలం

2024 మే నెలలో కోవిడ్ టీకా కోవిషీల్డ్ మళ్లీ వార్తల్లోకెక్కింది. ఈ టీకా వల్ల అరుదుగా రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోవచ్చని దాని కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త వాట్సాప్ గ్రూపులను చుట్టేసింది. అంతకు మూడేళ్ల ముందు టీకా వేయించుకున్నవాళ్లు ఇప్పుడేమవుతుందోనని బెంబేలెత్తారు. నిజానికి ఆ సమస్య వస్తే చాలావరకు మొదటి డోసు తర్వాత కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. పైగా అది 2021లోనే తెలిసిన సంగతి.

ఆ ఏడాది ఏప్రిల్ 7న బ్రిటన్ అధికారులు లెక్కలన్నీ జనం ముందు పెట్టారు. మార్చి నెలాఖరుకి ఆస్ట్రాజెనెకా టీకా రెండు కోట్లకు పైగా డోసులు వేస్తే, 79 మందిలో ఈ రక్తపు గడ్డలు కనిపించాయి. వారిలో 19 మంది చనిపోయారు. ఇంతవరకే చెబితే జనం భయపడటమో, కొట్టిపారేయడమో జరిగేది. అందుకే కేంబ్రిడ్జ్ గణాంక నిపుణులు తయారుచేసిన పట్టికను కూడా టీవీలో చూపించారు. ఒక పక్క టీకా తప్పించే ఐసీయూ చేరికలు, మరో పక్క టీకా వల్ల కలిగే తీవ్రమైన హాని. లక్షమందికి ఎంత అన్నది వయసువారీగా అందులో ఉంది.

వైరస్ తక్కువగా ఉన్న రోజుల్లో, అరవైల్లో ఉన్నవారిలో టీకా 16 వారాల్లో 14 ఐసీయూ చేరికలను తప్పిస్తుంది, హాని 0.2. అదే ఇరవైల్లో ఉన్నవారికి తప్పేది 0.8, హాని 1.1. ముప్పై లోపువారికి వేరే టీకా ఇవ్వాలని అప్పుడే నిర్ణయించారు. నెల తిరిగేసరికి ఆ వయసును నలభైకి పెంచారు.

వైరస్ ఉధృతంగా ఉంటే ఏమిటన్నది కూడా ఆ నిపుణులే లెక్కగట్టారు. అప్పుడు ఆ ఇరవైల యువకుడికే తప్పే ముప్పు 6.9కి పెరుగుతుంది. హాని మాత్రం 1.1 దగ్గరే ఉంటుంది. ఆక్సిజన్ పడక కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన 2021 మే నాటి హైదరాబాద్‌లో, లండన్ సలహా విని ఆగిపోవడం ప్రమాదకరమయ్యేది.

ఇలా తూచుకోవాలంటే ముందు ఎవరైనా విడమర్చి చెప్పాలి. మరో టీకా విషయంలో అప్పటి ఖమ్మం జిల్లాలో అది జరగలేదు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. మధ్యలో కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది మరొకటి: తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు వేలాది పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు చేసేశారు. గిరిజన కుటుంబాలకు దక్కాల్సిన నిర్ణయాన్ని వాళ్లకు తెలియకుండానే వేరొకరు తీసుకున్నారు. ఇది చిన్న తప్పు కాదు.

ఆ తప్పు మంచి టీకాకు మచ్చ తెచ్చింది. స్వీడన్‌లో పదహారు లక్షల మందికి పైగా బాలికలను, యువతులను గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పదిహేడేళ్లలోపు ఈ టీకా తీసుకున్నవారికి ఆ క్యాన్సర్ 88 శాతం తక్కువగా వచ్చింది. వందకు వంద కాదు కాబట్టి, టీకా వేయించుకున్నవారికీ స్క్రీనింగ్ తప్పదు. మన దేశంలో అది 30 ఏళ్లకు మొదలవుతుంది. ఖమ్మం బాలికల్లో పెద్దవాళ్లు ఇప్పుడు ఆ వయసు దరిదాపుల్లో ఉన్నారు. ఈ సంగతైనా ఆశా కార్యకర్తలు వాళ్ల ఇళ్లకు వెళ్లి, తీరిగ్గా కూర్చుని చెప్పాలి.