విదేశంలో ఆరు నెలలు: హాస్టలు నేర్పినవి, నేర్పనివి

మన హాస్టల్లో రాత్రి భోజనం బెల్లు ఏడున్నరకు కొడతారు. చలికాలంలో ఆ వేళకు జర్మనీలో మధ్యాహ్నం మూడు గంటలవుతుంది. 2024 అక్టోబరు నుంచి 2025 మార్చి వరకు డ్రెస్డెన్ నగరంలో ఒక పరిశోధనశాలలో ఇంటర్న్‌లుగా ఉన్నాం మేమిద్దరం. గడియారంలో మూడు కాగానే ఒకరి మొహం ఒకరం చూసుకుని, "ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడుంటారు" అనుకునేవాళ్ళం.

మేమిద్దరం ఆరో తరగతి నుంచి ఈ హాస్టల్లో పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకుని చదివినవాళ్ళం. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో ప్రాజెక్టు కోసం వెళ్ళాం. తిరిగొచ్చాక తమ్ముళ్ళందరూ ఫొటోలు చూపించమంటున్నారు. మంచు, ట్రాములు, ఎల్బే నది మీద వంతెనలు చూసి, "అన్నా, మీ లైఫ్ సెటిలైపోయింది" అంటున్నారు. ఫొటోల్లో ఉన్నది నిజమే, కానీ సగమే. మిగతా సగం చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే అనిపించి ఇది రాస్తున్నాం.

ముందు రోజువారీ సంగతి. డిసెంబరులో ఉదయం ఎనిమిదింటికి గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. చీకట్లో వెళ్ళి చీకట్లో తిరిగి రావడమే. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. ఆ సంగతి తెలియక మొదటి ఆదివారం బ్రెడ్డు, అమ్మ కట్టిచ్చిన మామిడికాయ పచ్చడితో గడిపాం. పదేళ్ళు హాస్టల్లో ఉన్నా వంట రాదు మాకు, వండి పెట్టేవారు కదా! ఫోనులో అమ్మ చెబుతుంటే పప్పుకు తాలింపు పెట్టాం. గదిలో పొగ పసిగట్టే యంత్రం కేకలు పెట్టింది, పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. ఆ రోజు నుంచి కిటికీ తెరిచి, చలిలో వణుకుతూ తాలింపు.

చెత్తను కాగితాలకో డబ్బా, ప్యాకింగు కవర్లకో డబ్బా, తొక్కలకో డబ్బా అని వేరు చేయాలి. రాత్రి పదింటి తర్వాత చప్పుడు చేయకూడదు. ఒక బాత్‌రూమ్, ఒక వంటగది నలుగురు వాడుకోవాలి. ఇవేవీ మాకు కష్టమనిపించలేదు. నలభైమంది ఒకే హాలులో పడుకుని, ఒకే నల్లా దగ్గర బట్టలు ఉతుక్కున్నవాళ్ళకు నలుగురితో సర్దుకోవడం ఒక లెక్కా? ఇది హాస్టలు మాకిచ్చిన ఆస్తి.

అక్కడ ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. ఆ సెంట్ల కోసం వయసు మళ్ళినవాళ్ళు చెత్తడబ్బాల్లో చేతులు పెట్టి సీసాలు ఏరుకోవడం కళ్ళారా చూశాం. పేదరికం లేని దేశమని మాకెవరో చెప్పారు. అది నిజం కాదు.

ఇక డబ్బు. మాకు నెలకు వెయ్యి యూరోలు స్టైపెండ్. జర్మనీలో కనీస వేతనం 2025 జనవరి నుంచి గంటకు 12.82 యూరోలు అయింది గానీ, చదువులో భాగంగా తప్పనిసరిగా చేసే ఇంటర్న్‌షిప్‌కు ఆ చట్టం వర్తించదు. అయినా పొదుపుగా ఉంటే వెయ్యి సరిపోతుంది. చిక్కంతా ఆ వెయ్యి చేతికి రాకముందే. గది అద్దె నెలకు 280 యూరోలు. రెండు నెలల అద్దె అడ్వాన్సు ముందే కట్టాలి, చట్టప్రకారం మూడు నెలలది కూడా అడగొచ్చు. గదిలో దిగిన రెండు వారాల్లో ఇంటి యజమాని సంతకంతో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం లేనిదే మా బ్యాంకు ఖాతా తెరవనన్నది. ఖాతా లేనిదే స్టైపెండ్ రాదు. అంటే గది కావాలంటే డబ్బు కావాలి, డబ్బు రావాలంటే గది కావాలి.

లెక్క చెబుతాం, దాచడమెందుకు? రానుపోను విమానానికి డెబ్బై వేలు, వీసా, బీమా, చలిబట్టలకు పాతిక వేలు, గది అడ్వాన్సు యాభై వేలు, మొదటి నెల తిండికీ అద్దెకూ ముప్ఫై వేలు. ఒక్కొక్కరికి లక్షా డెబ్బై ఐదు వేలు. మా నాన్నలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెల తిరిగేసరికి 5,250 రూపాయలు వడ్డీకే. మేము మంచులో దిగిన ఫొటో చూసి ఊళ్ళో వాళ్ళు సంతోషించిన రోజున మా ఇంట్లో ఆ వడ్డీ లెక్క వేసుకుంటున్నారు. స్టైపెండ్లో మిగిల్చి ఆ అప్పు తీర్చడానికి ఆరు నెలలూ పట్టింది.

డిగ్రీ చదువులకు ప్రభుత్వ పథకాలున్నాయి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు అది వర్తించదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ వెళ్ళారు. 1917లో ఆ గడువు తీరిపోతే లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. 1920లో మళ్ళీ వెళ్ళారు, 1921లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారు. అంతటి మేధావినీ డబ్బు మూడేళ్ళు ఆపింది. మనల్ని ఆపదా?

డబ్బుకన్నా పెద్ద లోటు ఇంకోటి ఉంది. ల్యాబులో ఒక సీనియర్ మాకు పని చూపిస్తూ నమూనాను రాత్రంతా ఆరబెట్టాలని జర్మన్ మాట కలిపి చెప్పాడు. మాకర్థం కాలేదు. అర్థమైనట్టు ఇద్దరం తలూపాం. గంటసేపు ఆరబెట్టి కొలతలు తీశాం. మూడు వారాల ఫలితాలన్నీ తప్పులే. మా గైడ్ కోప్పడలేదు. "ఎందుకు అడగలేదు?" అన్నారు, అంతే. జవాబు లేదు మా దగ్గర.

జవాబు ఆ సాయంత్రం ట్రాములో దొరికింది. ఎనిమిదో తరగతిలో మాలో ఒకడు "పప్పు ఇంత నీళ్ళగా ఉందేంటి సార్" అని అడిగాడు. అప్పటి వార్డెన్ గారు వాణ్ణి వారం రోజులు అందరూ తిన్నాక తినమన్నారు. మిగతా వాళ్ళందరం పాఠం నేర్చుకున్నాం. నోరెత్తనివాడే మంచి విద్యార్థి. ఆ పాఠాన్ని జర్మనీ దాకా మోసుకెళ్ళాం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అక్కడ తెలుగువాళ్ళు సంక్రాంతికి కలిశారు, మమ్మల్నీ పిలిచారు, కడుపునిండా పెట్టారు. పులిహోర తింటుండగా ఒకాయన "ఇంటిపేరేంటి? ఇంటర్ ఎక్కడ? హాస్టలా, ఏ హాస్టలు?" అని వరసగా అడిగారు. "గవర్నమెంటు కాలేజీ అండీ" అని మాట మార్చేశాం. ఆరు నెలల్లో మేము సిగ్గుపడాల్సిన రోజు ఏదైనా ఉందంటే అదే. మాకు తిండి పెట్టి, పుస్తకమిచ్చి, ఇంతదూరం పంపిన ఇంటి పేరు చెప్పలేకపోయాం.

అందుకే రెండు విన్నపాలు. మొదటిది పూర్వ విద్యార్థులకు. అన్నలారా, గది అడ్వాన్సు పోయే డబ్బు కాదు, ఖాళీ చేశాక తిరిగొస్తుంది. మిగతాది స్టైపెండ్లోంచి తీర్చొచ్చు. పదిమంది తలా పదిహేడున్నర వేలు వేస్తే ఒక తమ్ముడు వడ్డీ లేకుండా వెళ్ళొస్తాడు, అదే డబ్బుతో మరుసటి ఏడు ఇంకొకడు వెళ్తాడు. మా ఇద్దరి వాటా ఈ వార్షికోత్సవం రోజునే ఇస్తున్నాం.

రెండోది వార్డెన్ గారికీ ట్యూటర్లకూ. వారానికి ఒక్క స్టడీ అవర్ ప్రశ్నలకే కేటాయించండి. పాఠం గురించైనా, పప్పు గురించైనా అడగనివ్వండి. అడిగినవాణ్ణి శిక్షించకండి.

తమ్ముళ్ళారా, మొదటి ప్రశ్న మమ్మల్నే అడగండి. ఫొటోల గురించి కాదు, అప్పు గురించి అడగండి. జై భీమ్.